వేవ్ పూల్ పక్కన బీరు బల్లలు

నేను ఆ వాటర్ పార్కులో చేరిన రోజుల్లో అక్కడ మందు అమ్మేవాళ్ళు కాదు. గేటు దగ్గర కాపలా మనిషి మగవాళ్ళ ముఖం దగ్గరికి ముఖం పెట్టి, వాసన చూసి లోపలికి వదిలేవాడు. కార్లో తాగి వచ్చినవాళ్ళు ఎంత బతిమాలినా, ఎంత పెద్ద గొంతుతో అరిచినా వెనక్కి పంపేసేవాడు. పుదుచ్చేరికి బయటి జనం దేనికోసం వస్తారో మాకు తెలియని సంగతి కాదు. సరిహద్దు దాటితే సీసా చవక. శనివారం మధ్యాహ్నం నుంచే చెన్నై నుంచి వచ్చే ఈసీఆర్ రోడ్డు మీద కార్లు వరస కట్టేవి. అయినా పార్కు గోడ లోపల మాత్రం ఆ ఊసు ఉండేది కాదు. అది పిల్లల చోటు అని అందరూ ఒప్పుకున్నారు, ఎవరూ చెప్పకుండానే.

సునామీ వచ్చిపోయిన మరుసటి ఏడు అక్కడ నర్సుగా చేరాను. ఫస్ట్ ఎయిడ్ గది నాది. ఒక మంచం, ఒక ఆక్సిజన్ సిలిండరు, డెటాలు, దూది, కట్లు, పొడుగాటి రిజిస్టరు. మోచేతులు గీరుకున్న పిల్లలు, ఎండకి కళ్ళు తిరిగిన పెద్దవాళ్ళు, చెప్పుల్లేక అరికాళ్ళు కాలినవాళ్ళు వచ్చేవాళ్ళు. ఎవరికి ఏమైంది, ఎందుకైంది, నేనేం చేశాను అన్నవి రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. గది తలుపు తీస్తే ఎదురుగా వేవ్ పూల్. ఒక చివర మోకాలి లోతు, పోనుపోను మనిషి మెడ దాటే లోతు. అరగంటకొకసారి సైరన్ మోగేది. మోగిన కాసేపటికి లోతు వైపు గోడలోంచి యంత్రం అలల్ని తోసేది. సైరన్ వినపడగానే పార్కంతా కేకలు పెట్టుకుంటూ ఆ నీళ్ళలోకి పరుగెత్తేది.

ఆ పూల్‌కి ఒక లైఫ్‌గార్డు ఉండేవాడు. కాలాపేట దగ్గర ఒక జాలరి కుప్పం మనిషి, చేపలు పట్టే కుటుంబం. సునామీలో పడవా వలలూ పోయాయి, తమ్ముడు పోయాడు. ఆ తర్వాత సముద్రం మీదికి వెళ్ళలేక ఈ ఉద్యోగంలో చేరాడు. నలభై ఏళ్ళుంటాయి. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను సిస్టర్ అనేవాడు. మేం మాట్లాడుకున్నది తమిళంలోనే. ఆయన మాటలు నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను. పార్కు గోడకి అవతల కొంత దూరంలో అసలు సముద్రం ఉండేది. యంత్రం ఆగినప్పుడు దాని హోరు వినపడేది. అప్పుడాయన మాట్లాడుతున్న మాట ఆపేసి, హోరు వింటున్నట్టు గోడ వైపు తిరిగేవాడు.

మా ఇంటి సంగతి కూడా కొంచెం చెప్పాలి. మావాళ్ళు ఈ ఊరికి ఎప్పుడు వచ్చారో మా తాతకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వీధిలో తెలుగు మాట్లాడే సగంమందికి తెలుగు చదవడం రాదు. నేనైనా నర్సింగు చదువుకి నెల్లూరు వెళ్ళాకే అక్షరాలు నేర్చుకున్నాను. మా నాయన మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. నాయన తాగేవాడు, నెలకొకసారి, జీతాల రోజున. సారాయంగడి నుంచి వీధి గుమ్మంలోకి రాకుండా పెరటి సందులోంచి వచ్చి, కుళాయి దగ్గర నోరు పుక్కిలించి, పెరట్లోనే మంచం వాల్చుకునేవాడు. అమ్మ అన్నం అక్కడికే తీసుకుపోయేది. చిన్నప్పుడొకసారి తెలియక నేను ఆ మంచం దగ్గరికి పరుగెత్తితే నాయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

"లోపలికి పో మే. నాయన ఈ పొద్దు ఇంట్లో లేడు" అన్నాడు దుప్పటి లోపల్నించే.

ఆ మాట నాకు అప్పుడు నవ్వు తెప్పించింది. పెద్దయ్యాక అది సిగ్గని అర్థమైంది. మరికొన్నాళ్ళకి, ఆ సిగ్గు మమ్మల్ని కొంత కాపాడిందని కూడా అనిపించింది.

నేను చేరిన రెండో ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. చెన్నైలో హోటళ్ళలో పనిచేసిన మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, మర్యాదగా మాట్లాడేవాడు, ఎవరినీ కసిరేవాడు కాదు. ఒకరోజు పొద్దున గేట్లు తెరవకముందు మమ్మల్నందరినీ వేవ్ పూల్ దగ్గర నిలబెట్టి చెప్పాడు. వేవ్ పూల్ పక్కనున్న ఐస్‌క్రీం కొట్టు తీసేసి అక్కడ బీరు బార్ పెడుతున్నామన్నాడు.

"ఇది సారాయంగడి కాదు. ఫ్యామిలీ బార్. ఫారిన్‌లో చూడండి, అమ్మా నాన్నా పిల్లలూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు. దాచుకుని తాగితేనే తప్పు. అందరి ముందర కూర్చుని తాగితే అది కల్చర్."

లైఫ్‌గార్డు ఒక్కడే చెయ్యెత్తాడు. "సార్, తాగినవాళ్ళు నీళ్ళలోకి దిగితే?"

"బోర్డు పెడతాం" అన్నాడు మేనేజరు.

బోర్డు పెట్టారు. తాగినవారు నీటిలో దిగరాదని ఇంగ్లీషులో రాసి ఉండేది. దాని కిందే గొడుగులు వేసిన బల్లలు. గేటు దగ్గర వాసన చూడటం ఆ వారమే ఆగిపోయింది. లోపల మనమే అమ్ముతూ బయట ఆపడం ఏం బాగుంటుంది?

మొదటి వారాల్లో ఆ బల్లలు చాలావరకు ఖాళీగానే ఉండేవి. కూర్చున్న ఒకరిద్దరు మగవాళ్ళు పూల్‌కి వీపు పెట్టి కూర్చునేవాళ్ళు. బీరును కాఫీ కప్పుల్లో పోయించుకునేవాళ్ళు. భార్యలు పిల్లల్ని తీసుకుని అటు చివర రంగులరాట్నం దగ్గర కాలక్షేపం చేసేవాళ్ళు. తెలిసినవాళ్ళెవరైనా కనపడితే ఆ మగవాళ్ళు కప్పు బల్ల కింద పెట్టడం నేను నా తలుపు దగ్గర్నించి చూసేదాన్ని.

ఎండాకాలం వచ్చేసరికి కప్పులు పోయి గాజు గ్లాసులు వచ్చాయి. కుర్చీలు పూల్ వైపు తిరిగాయి. భార్యలు వచ్చి పక్కన కూర్చున్నారు. పిల్లలు తడి చేతులతో పరుగెత్తుకొచ్చి నాన్న ప్లేటులో వేరుశెనగలు తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి పరుగెత్తేవాళ్ళు. ఒకసారి ఒక ముసలమ్మ, నుదుట విభూది, కొడుకు గ్లాసులో ఈగ పడకుండా పమిట కొంగుతో విసురుతూ కూర్చుంది. చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చిన ఒక ఉద్యోగస్తురాలు మొగుడి ఎదురుగా కూర్చుని తనూ ఒక గ్లాసు తాగింది. ఇద్దరూ ఏదో ఆఫీసు సంగతి చెప్పుకుని నవ్వుకున్నారు. నిజం చెప్పాలంటే నాకది తప్పుగా అనిపించలేదు. మా అమ్మ పెరట్లోకి గిన్నె మోసుకుపోవడం చూసినదాన్ని. ఇలా పక్కపక్కన కూర్చుని నవ్వుకోవడం దానికంటే మేలు కదా అనుకున్నాను. లోకం మారుతోంది, మారనీ అనుకున్నాను.

లైఫ్‌గార్డుకి ఒక ఎత్తు కుర్చీ ఉండేది. ఆ ఎండాకాలం నుంచి ఆయన అందులో కూర్చోవడం మానేశాడు. నీళ్ళ అంచునే నిలబడి ఉండేవాడు, మధ్యాహ్నం అన్నానికి కూడా పక్కకి పోకుండా.

"కుర్చీ మీద నుంచి బాగా కనపడుతుంది కదన్నా" అన్నాను.

"కనపడుతుంది సిస్టర్. దిగి పరుగెత్తే టైము ఉండదు." ఆయన నీళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. మా తమిళంలో తణ్ణి అంటే నీళ్ళే, మందు కూడా అదే మాట. "ఇంతకుముందు ఇక్కడ ఒక తణ్ణి ఉండేది. ఇప్పుడు రెండు. రెండూ పక్కపక్కనే. మధ్యలో నాలుగు అడుగులు. సునామీ రోజు సముద్రం ముందు వెనక్కి పోయింది, మాకు అర్థం కాలేదు. ఇక్కడ సైరన్ మోగి చెబుతుంది. అందరికీ అర్థమవుతుంది. అయినా నవ్వుతూ పోతారు."

ఆ రోజుల్లోనే నా గదికి వచ్చే గాయాలు మారాయి. స్లైడు మీద తల ముందు పెట్టి జారి పళ్ళు రాలగొట్టుకున్నవాడు. కొడుకుని వీపు మీద ఎక్కించుకుని మెట్ల మీద పడ్డ తండ్రి. పిల్లాడికి చెయ్యి విరిగింది, తండ్రికి అది తెలియడానికే కాసేపు పట్టింది. ఒకాయన ట్యూబు మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. అలలు మొదలైనా లేవలేదు, ట్యూబు తిరగబడింది. లైఫ్‌గార్డు ఈడ్చుకొచ్చి నా మంచం మీద వేశాడు. ఆ మనిషి కళ్ళు తెరిచి మొదట అడిగింది, నా గ్లాసు ఎవరైనా తీసేశారా అని. అతని భార్య సిగ్గుతో నవ్వింది.

రిజిస్టరులో నేను ఉన్నది ఉన్నట్టు రాశాను. నోట మద్యం వాసన ఉంది అని. ఆ సాయంత్రమే మేనేజరు నా గదికి వచ్చాడు. నాకు కాఫీ కూడా తెప్పించాడు.

"సిస్టర్, మీరు డాక్టరు కాదు. వాసన చూసి రాయడం మీ పని కాదు. ట్యూబు మీంచి జారిపడ్డాడు కదా? జారిపడ్డాడు అని రాయండి. అదీ నిజమే కదా?"

నిజమే. జారే పడ్డాడు. ఆ తర్వాత నేను అదే మాట రాస్తూ వచ్చాను. ఉద్యోగం పోతుందని భయమా అంటే అదొక్కటే కాదు. రాసిరాసి అలవాటయింది. పేజీలకు పేజీలు ఒకే మాట నా దస్తూరీలో. చదివితే ఆ పార్కు నేలంతా నాచు పట్టి ఉందనుకోవాలి.

ఉద్యోగులకి ఏడాదికొకసారి కుటుంబానికి ఉచితంగా పాసులు ఇచ్చేవాళ్ళు. ఆ మే నెలలో నేను నా పాసులు తీసుకుని మావాళ్ళని రమ్మన్నాను. అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. నాయన, మా అక్క, బావ, వాళ్ళ పాప వచ్చారు. పాపకి అయిదేళ్ళు. బావ సేదరపేటలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మంచివాడు. అక్కని పల్లెత్తు మాట అనని మనిషి, పాపని కింద దించని మనిషి. తాగుతాడని నాకు తెలుసు. కానీ మా ఇంటి గుమ్మంలో ఆ వాసనతో ఏనాడూ అడుగు పెట్టలేదు.

నేనే వాళ్ళకి బల్ల చూపించాను. పూల్‌కి దగ్గరగా ఉంటే పాప ఆడుకోవడం చూడొచ్చని మొదటి వరసలో కూర్చోబెట్టాను. మేనేజరు వచ్చి నాయనకి నమస్కారం పెట్టి, స్టాఫు కుటుంబం కాబట్టి మొదటి జగ్గు బీరు మా తరఫున అన్నాడు. జగ్గు వచ్చింది. బావ అక్క వైపు చూశాడు. అక్క చుట్టూ చూసింది. పక్క బల్లల దగ్గర చీరలు, పిల్లలు, నవ్వులు.

"ఏముంది, అందరూ తాగతానే ఉండారు గదా" అంది అక్క.

బావ రెండు గ్లాసులు నింపాడు. ఒకటి నాయన ముందుకి జరిపాడు. "మామా, ఒకటి తీసుకో. ఎండగా ఉండాది."

నాయన నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. ఆయన చెయ్యి బల్ల అంచు పట్టుకుని ఉంది. పెరట్లో దుప్పటి ముఖం మీదికి లాక్కున్న చెయ్యే అది. కాసేపటికి గ్లాసు అందుకున్నాడు.

"మీరంతా సరేనంటే నాకేంది" అన్నాడు. మొదటి గుక్క తాగి, పెద్ద బరువేదో దించినవాడిలా నవ్వాడు. అల్లుడు గౌరవించాడన్న సంతోషం ఆ ముఖంలో కనపడింది. నేను కూడా నవ్వాను. ఎవరికో కట్టు కట్టాలని పిలిస్తే నా గదికి వెళ్ళాను.

పన్నెండు దాటి ఉంటుంది. అన్నాలు ఇంకా తినలేదు. బావ మూడు గ్లాసులు తాగాడని తర్వాత తెలిసింది. మనిషి తూలలేదు, మాట తడబడలేదు. పాప అలల్లోకి పోదామని మారాం చేస్తే భుజాల మీద ఎక్కించుకుని నీళ్ళలోకి దిగాడు. నేను అప్పుడే తలుపు దగ్గరికి వచ్చాను. నడుము లోతు దాటుతుండగా లైఫ్‌గార్డు ఈల ఊది, వెనక్కి రమ్మని చెయ్యి ఊపాడు.

"పాపని దించేసి రండి సార్. ఇక్కడి నుంచి లోతు."

బావ ఆగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. మామ చూస్తున్నాడు, పెళ్ళాం చూస్తోంది.

"నా బిడ్డని నేను చూసుకోలేనా?" అన్నాడు తమిళంలో, గట్టిగా.

లైఫ్‌గార్డు నా వైపు తిరిగాడు. "సిస్టర్, మీవాళ్ళే కదా. ఒక మాట చెప్పండి."

ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను చెప్పవలసిన మాట నాకు తెలుసు. బావా, నువ్వు తాగి ఉన్నావు, బయటికి రా. అంతే. కానీ అక్క మొగుణ్ణి, అంత జనం ముందర, ఆ మాట ఎలా అనేది? అందులోనూ నాయన చేతిలో కూడా గ్లాసు ఉన్నప్పుడు? ఒక్కరిని అంటే ఇద్దరినీ అన్నట్టే.

"బావా, జాగ్రత్త" అన్నాను. అని నవ్వాను కూడా.

బావ చెయ్యి ఊపాడు. సైరన్ మోగింది.

జనం విరుచుకుపడ్డారు. వందల తలలు, ట్యూబులు, నురగ. మొదటి అలకి బావ నిలబడ్డాడు, పాప కేరింతలు కొట్టింది. రెండో అలకి ఒక అడుగు వెనక్కి పడింది. మూడో అల వచ్చినప్పుడు వాళ్ళిద్దరూ కనపడలేదు. అల పోయాక బావ లేచాడు. నవ్వుతూ ముఖం తుడుచుకున్నాడు. చెయ్యి భుజం మీదికి పోయింది. భుజం తడుముకున్నాడు. రెండో భుజం కూడా తడుముకున్నాడు. తర్వాత చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

లైఫ్‌గార్డు అప్పటికే స్తంభానికి ఉన్న ఎర్ర బొత్తాం గుద్ది నీళ్ళలోకి దూకాడు. యంత్రం ఆగింది గానీ నీళ్ళు వెంటనే ఆగవు. అలలు ఒకదాని మీద ఒకటి ఇంకా ఊగుతూనే ఉన్నాయి. ఎందుకు ఆగిపోయిందని జనం ఈలలు వేశారు. నేను పూల్ అంచుకి పరుగెత్తాను. అక్క కుర్చీలోంచి లేచింది, కానీ ఇంకా ఆమెకి తెలియలేదు. నాయనకి తెలిసింది. ఆయన గ్లాసు పట్టుకునే నీళ్ళలోకి దిగిపోయాడు, చెప్పులతో సహా. పాప పేరు పెట్టి అరుస్తున్నాడు. ఆయన గొంతు ఆ ఈలల్లో వినపడటం లేదు.

ట్యూబుల గుంపు కింద దొరికింది పాప. లైఫ్‌గార్డు రెండు చేతుల మీద ఎత్తుకుని వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకోబెట్టాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. నాడి పట్టుకున్నాను. సన్నగా ఉంది. ఊపిరి లేదు. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో ఊదాను. ఛాతీ లేచింది, పడింది. మళ్ళీ ఊదాను. నేను చదువుకున్నదంతా ఆ చిన్న నోటి ముందర దేనికీ చాలనట్టుగా ఉంది. నా వెనక బారులో పాట ఆగలేదు. ఆ పాట తాళం ప్రకారం ఊదుతున్నానేమో అని భయమేసి నాలో నేనే అంకెలు లెక్కపెట్టుకున్నాను. ఆరోసారో ఏడోసారో పాప ఒళ్ళు మెలితిరిగింది. నీళ్ళు కక్కింది. ఒక పక్కకి తిప్పాను. ఇంకా కక్కింది. అప్పుడు ఏడ్చింది.

పార్కు జీపులో ఆక్సిజన్ పెట్టి ఊళ్ళోని పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. జీపు గేటు దాటుతుంటే వెనకనుంచి సైరన్ మళ్ళీ మోగింది. తర్వాతి అలల టైమయింది.

ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయని రెండు రోజులు ఉంచారు. గండం గడిచిందని డాక్టరు చెప్పేవరకు బావ వరండాలో నిలబడే ఉన్నాడు. ఎవరు కూర్చోమన్నా కూర్చోలేదు.

మర్నాడు పొద్దున నేను పార్కుకి వెళ్తే రిజిస్టరు నా బల్ల మీద తెరిచి ఉంది. ఆ వరస మేనేజరే నింపేశాడు. పాప పేరు, వయసు, తండ్రి చేతిలోంచి జారింది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"మీ ఇంటి విషయం సిస్టర్. మీ బావ పేరే పాడవుతుంది. ఆలోచించండి" అన్నాడు. ఆ మాటలో బెదిరింపు లేదు. నిజంగానే నా మంచి కోరుతున్నట్టు ఉంది.

సంతకం పెట్టకుండా రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆసుపత్రికి పోయాను. అక్క బయటే ఎదురొచ్చింది. సంగతి చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేం రాయబాకు. ఆయన ఫ్యాక్టరీలో తెలిస్తే ఏమవుతాది? బిడ్డ బతికింది గదా, ఇంక ఏంది నీకు?"

"ఇన్ని రోజులూ అట్లనే రాసినానక్కా."

"ఇంకొకటి రాస్తే ఏం పోతాది?"

నాయన బెంచీ మీద కూర్చుని మా మాటలు వింటున్నాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళు. ఆయనకి చదవడం రాదు. అయినా రిజిస్టరు అందుకుని, ఆ వరస మీద వేలు పెట్టి, ఏం రాసుందో చెప్పమన్నాడు. చెప్పాను.

"జారింది అంటే, తప్పు బిడ్డదా?" అన్నాడు.

రిజిస్టరు నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"బిడ్డని చూస్తా ఉండమని నన్ను కూర్చోబెట్టినారు. నేను గ్లాసు చూస్తా ఉండినా. నా పేరు కూడా రాయి."

అక్క ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ బెంచీ మీదే కూర్చుని రాశాను. మేనేజరు రాసిన మాట కొట్టేశాను. తండ్రి మద్యం తాగి పాపతో లోతు నీళ్ళలోకి వెళ్ళాడనీ, చూడవలసిన తాత కూడా తాగి ఉన్నాడనీ, లైఫ్‌గార్డు ఆపాడనీ రాశాను. చివర, సంగతి తెలిసీ నర్సు ఆపలేదు అని రాసి సంతకం పెట్టాను. తర్వాత పాత పేజీలు తిప్పాను, అవి కూడా సరిచేద్దామని. ఎవరు తాగి పడ్డారో, ఎవరు నిజంగానే జారారో నాకు గుర్తు రాలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

మేనేజరు ఆ పేజీ చదివాడు. రిజిస్టరు తీసుకుపోయాడు. రెండు రోజులకి నా బల్ల మీద కొత్త రిజిస్టరు ఉంది, మొదటి పేజీ తెల్లగా. నెలాఖరుకి నన్ను రావద్దన్నారు. పాతది ఏమైందో నాకు తెలియదు. బారు మూతపడలేదు. కొన్ని నెలలకి బల్లలకీ పూల్‌కీ మధ్య ఒక గాజు గోడ కట్టారట. గోడ కట్టాక లోపల జనం ఇంకా పెరిగారని, ఏసీ ఉంది కదా అని, లైఫ్‌గార్డు బస్సులో కలిసినప్పుడు చెప్పాడు. మీరూ మానేయకూడదా అన్నా అని అడిగాను.

"మానేస్తే నా చోట ఎవరిని పెడతారో" అన్నాడు. కాలాపేట స్టాపు రాగానే దిగిపోయాడు.

నాయన మళ్ళీ తాగలేదు, పెరట్లో కూడా. తాగలేదని ఎవరితోనూ చెప్పుకోలేదు. చుట్టాల పెళ్ళిళ్ళలో అప్పటికే మేడ మీద మందు బల్లలు వేయడం మొదలైంది. మామ ముందర అల్లుడు, మేనల్లుడి ముందర మేనమామ. ఎవరైనా పైకి రమ్మంటే నాయన చేతులు కడుక్కొస్తానని లేచి, నేరుగా ఇంటికి వచ్చేసేవాడు.

అక్క నాతో మాట్లాడటానికి ఏడాది పట్టింది. బావ ఇంకా ఆలస్యం చేశాడు. నేను ముత్యాలుపేట వైపు ఒక చిన్న ఆసుపత్రిలో చేరాక, ఒక వర్షాకాలం మధ్యాహ్నం పాపకి జ్వరమని తీసుకొచ్చాడు. పాప అప్పటికి రెండో తరగతి. డాక్టరు చూసి మందు రాశాడు. నేను సూది వేస్తుంటే పాప ఏడవలేదు. బావ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. బయట రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి.

"ఆ పొద్దు నువ్వు రాసింది నాకు కోపమే" అన్నాడు.

"తెలుసు బావా."

"నేను తూలలేదు. నాకు బాగా గుర్తుండాది. కాళ్ళు గట్టిగానే ఉండినాయి. మాట గట్టిగానే ఉండింది. ఇప్పుడు తలుచుకున్నా అట్లనే అనిపిస్తాది." పాప వైపు తిరిగాడు. "అదే నాకు భయం. ఇంకోసారి అట్లాంటిది వస్తే నాకు ఎట్ట తెలిసేది?"

చీటీ అతని చేతికిచ్చి, రోజుకి మూడుసార్లు, తిన్న తర్వాత వెయ్యాలని చెప్పాను. అతను తలూపి, వాన ఇంకా తగ్గకపోయినా పాపని ఎత్తుకుని, తల మీద తన రుమాలు కప్పి, రోడ్డు మీది నీళ్ళలోకి ఒక్కొక్క అడుగే వేస్తూ దిగాడు.